తాడ్వాయిలో మిగిలిపోయిన ఇద్దరం

మొదటి బిడ్డ పుట్టిన తర్వాతి రెండు మూడేళ్ళలో నేను ఎంత భయస్తురాలినో ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. (మా ఆయన నమ్ముతాడు. ఆయన సంగతి వేరు.) డిగ్రీలో జీవశాస్త్రం చదివిన పాపానికి నీళ్ళలో, మట్టిలో, పక్కింటివాళ్ళు పెట్టే ముద్దుల్లో ఏమేం పురుగులు ఉంటాయో నాకు పేర్లతో సహా తెలుసు. కామారెడ్డిలో మేముండే అద్దె ఇంట్లో పాలసీసా ఉడికినన్నిసార్లు బియ్యం ఉడికి ఉంటే గంజి కూడా మిగిలేది కాదు. మా బుడ్డోడికి అప్పటికి రెండేళ్ళు దాటాయి. నేను కనబడకపోతే ఒక్క నిమిషం ఉండడని వాడకట్టంతా చెప్పుకున్నాను. నిజంగా ఉండగలడో లేదో చూసే అవకాశం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, వాడితో సహా.

మా బాపు ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసి, ఆ ఏడే రిటైరై ఎల్లారెడ్డిలో ఇంటిపట్టున కూర్చున్నాడు. కూర్చున్నాడని రాశాను గానీ, కూర్చోవడమన్నది ఆయనకు ఎవరూ నేర్పలేదు, నౌకరీ అంతా నిలబడే చేశాడు. తెల్లవారుజామునే లేచి, వీధి తలుపు దాకా వెళ్ళి, ఎక్కవలసిన బస్సేదీ లేదని గుర్తొచ్చి తిరిగొచ్చేవాడట. పెళ్ళిభోజనాల దగ్గర గుమ్మంలో నలుగురు నిలబడితే చాలు, "లోపటికి జరుగుండ్రి, లోపట మస్తు ఖాళీ ఉన్నది" అనేవాడు (లోపల సూది దూరే సందు ఉండేది కాదు). ఆ వేసవిలో రోజూ ఫోను చేయడం మొదలుపెట్టాడు. "బిడ్డా, పిలగాన్ని పది దినాలు పంపు. పొద్దు పోతలేదు."

"వాడు నేను లేకుంట ఉండడు బాపూ."

"ముప్పై ఏండ్లు ఊరోళ్ళ పిల్లలందరిని పైలంగ దించిన. నా మనుమన్ని ఎక్కడన్న ఇడిశిపెట్టి వస్తనా?"

నేను ఏడుపు మొఖం పెడితే మా ఆయన విసుక్కున్నాడు. "ఎల్లారెడ్డికే గద పంపేది, దుబాయికి తోలిచ్చినట్టు చేస్తున్నవేంది?" చివరికి ఒక ఒప్పందం కుదిరింది. బాపు, అమ్మ కామారెడ్డికి వచ్చి పిల్లవాణ్ణి తీసుకెళ్తారు, నేనూ వెంట వెళ్ళి ఒక రాత్రి ఉంటాను. ఆలోగా వాడు నాకోసం ఒక్కసారి ఏడ్చినా నాతోపాటే వెనక్కి. బాపు సరేనన్నాడు. నేను గెలిచినట్టే అనుకుని, మర్యాదకోసం జాగ్రత్తలన్నీ రెండు కాగితాల నిండా రాసిచ్చాను. కాచి చల్లార్చిన నీళ్ళు, మధ్యాహ్నం నిద్ర, బయటి తిండి వద్దు, ముంజలు అసలే వద్దు. అమ్మ ఆ కాగితాలు తిప్పి తిప్పి చూసింది. "నిన్ను గూడ నేనే పెంచిన గద బిడ్డా. ఏ కాయితం జూసి పెంచిన్నో యాదికి లేదు" అని మడిచి కొంగున కట్టుకుంది.

బస్సెక్కగానే బాపు మనిషే మారిపోయాడు. మేము ముందు సీట్లో కూర్చుంటే, ఆయన మనుమణ్ణి ఎత్తుకుని డోరు దగ్గరికి పోయాడు. ఆ బస్సు కండక్టరు కొత్తగా నౌకరీలో చేరిన కుర్రవాడు. "కూసో కాకా" అని తన సీటే ఇచ్చాడు. బాపు మనుమణ్ణి అందులో కూర్చోబెట్టి, తను నిలబడి, విద్య నేర్పడం మొదలుపెట్టాడు. బస్సు నిండితే కింద నిలబడ్డవాళ్ళకు ఏం చెప్పాలి? "జాగ లేదు, ఎనుక బస్సు ఖాళీగ వస్తున్నది, అండ్ల రండ్రి." (ఆ వెనక బస్సు కోసం మా జిల్లాలో ఎంతమంది ఎండలో నిలబడ్డారో దేవుడికే తెలుసు.) మాటిమాటికీ నేను వెనక్కి తిరిగి చూశాను. వాడు ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. కిటికీలోంచి ఎండ పడుతోంది, అందుకే కనబడటం లేదేమో అనుకున్నాను.

తాడ్వాయిలో బస్సు ఆగింది. డ్రైవరు దిగలేదు, కండక్టరు చాయ్ తాగడానికి దిగాడు. పాలసీసాను వేడినీళ్ళతో కడగవలసిన సమయమైంది గనక (కాకపోయినా నేను కడిగేదాన్నే) "ఇప్పుడే వస్తా" అని కిటికీకి తల ఆనించి కునుకుతున్న అమ్మకు చెప్పి నేనూ దిగాను. హోటలు అతను మరుగుతున్న నీళ్ళు పోస్తుంటే, మూత కూడా కడుగుతుండగా, వెనక నుంచి బస్సు రేకు మీద రెండు దెబ్బలు, చిన్నప్పటినుంచీ నేను ఎరిగిన గొంతు వినబడ్డాయి.

"రైట్, రైట్!"

జనం ఎక్కారు, డోరు పడింది, బాపు నోరూ చెయ్యీ వాటి పని అవి చేసేశాయి. ఆ క్షణాన ఆయన మా నాన్న కాదు, వాడి తాత కాదు. బస్సు వెళ్ళిపోయింది. దుమ్ములో నేను పాలసీసాతో, పక్కన కండక్టరు చాయ్ గ్లాసుతో మిగిలాం.

"అరే, నా బస్సు!" అన్నాడతను. "నా కొడుకు!" అన్నాను నేను. నా ఫోను సంచిలో, సంచి బస్సులో ఉన్నాయి; బాపు నంబరూ ఆ ఫోనులోనే, నాకు నోటికి రాదు. అతను తన ఫోను తీసి డ్రైవరుకు చేస్తే మోగుతూనే ఉంది. "బండి నడుపంగ ఫోన్ ఎత్తడు అక్కా, శాన మంచోడు" అన్నాడు, ఆ మంచితనాన్ని తిడుతున్నట్టుగా.

దిక్కు లేక రోడ్డు పక్కనున్న ఆటో దగ్గరికి పరుగెత్తాం. బస్సుల ముందు ముందు ఉరికి జనాన్ని ఎక్కించుకుపోయే ఆటోలకూ కండక్టర్లకూ ఉప్పూ నిప్పూ. ఆటో అతనికి ఆరోజు పండగ. "రాండ్రి సాబ్. రోజు మమ్ముల జూసి బస్సు ఉరికిస్తరు గద, ఇయ్యాల మిమ్ములనే ఇడిశిపెట్టి ఉరికిందా?"

"జల్ది నడు అన్నా."

"పోదాం, ఇంకిద్దరు రానీ."

నేను అప్పటికే ఏడుస్తున్నాను. ఆటోలో గంపతో కూర్చున్న ముసలవ్వ కంగారుపడింది. "ఏమైంది బిడ్డా?"

"నా కొడుకును తీస్కపోయిన్రు అవ్వా!"

"అయ్యో, ఎవలే?"

"మా బాపు."

ముసలవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "మీ బాపు తీస్కపోతే ఏడుస్తవేందే? నేనింకేమో అనుకున్న" అని గంప సర్దుకుంది. నా ఏడుపు పెరిగేసరికి ఆటో అతను మాత్రం జాలిపడి, ఆ ఇద్దరి కోసం ఆగకుండానే బయల్దేరాడు. దారంతా నా కళ్ళముందు ఒకటే దృశ్యం: గుక్కపట్టి ఏడుస్తున్న పిల్లవాడు, చేతగాక నిలబడ్డ బాపు. కండక్టరు ఓదార్చబోయాడు. "నీ కొడుకు మీ బాపు దగ్గర భద్రంగ ఉన్నడు అక్కా. నా కొలువే, ఎవల దగ్గర ఉన్నదో తెల్వది."

తర్వాతి స్టేజీలోనే బస్సు ఆగి ఉంది. అక్కడ ఎక్కినావిడ టికెట్ అడిగితే, బాపు అలవాటుగా టికెట్ల సంచి కోసం చంక తడుముకున్నాడట. సంచీ లేదు, సంచి గల మనిషీ లేడని అప్పుడు తెలిసిందట. జనమంతా చెట్టుకింద ముంజలు తింటున్నారు. నేను ఆటో దిగి, చెప్పులు జారిపోతున్నా ఆగకుండా బస్సు దగ్గరికి ఉరికాను. మా బుడ్డోడు కండక్టరు సీట్లో, గడ్డం నిండా ముంజనీళ్ళతో దర్జాగా కూర్చుని ఉన్నాడు. మెట్టు మీద కాలు పెట్టబోయిన నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"జాగ లేదు. ఎనుక బస్సుల రా."

చెట్టుకింద జనం నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నేను వాణ్ణి గట్టిగా ఎత్తుకుని అమ్మను మెల్లగా అడిగాను, "ఏడ్చిండా?"

"ఎవలు, మీ బాపా? ఆయనకు చెమటలు వట్టినయి. పిలగాడైతే మూడు ముంజలు తిన్నడు."

డ్రైవరు తన తప్పేమీ లేదన్నాడు. "ఆయనతోని ఆరేండ్లు నడిపిన. ఆ గొంతు ఇంటే కాలు దానంతట అదే తొక్కుతది." బాపు ఆ కుర్ర కండక్టరు ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు. "తప్పైంది కొడుకా. పైకి రాస్తే నా పేరు రాయి."

"నీ పేరేం రాయాలె కాకా, నువ్వు కొలువుల లేవు గద!" అని అతను నవ్వాడు. మంచి మనసుతోనే అన్నాడు. బాపు కూడా నవ్వబోయాడు గానీ ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. వచ్చి మా పక్కన, జీవితంలో మొదటిసారేమో, ప్రయాణికుడిలా కిటికీ దగ్గర కూర్చున్నాడు. బయటికే చూస్తూ అన్నాడు, "రేపు పిలగాన్ని తీస్కపో బిడ్డా. నువ్వన్నదే నిజం. సొంత బిడ్డనే రోడ్డు మీద ఇడిశిపెట్టి వచ్చినోన్ని, మనుమన్ని ఏం జూస్తా."

నువ్వన్నదే నిజం అని ఎవరో ఒకరు అంటారని నేను రెండేళ్ళుగా ఎదురుచూశాను. తీరా ఆ మాట వినబడ్డాక నా నోట్లోంచి వచ్చింది వేరు. "వాడు ఏడ్వలేదు గద బాపూ. మాట మాటే. పది దినాలు ఉంచుకో." అని అప్పుడు ఏడ్చాను, ముంజలు తిన్న జనమంతా చూస్తుండగా.

మర్నాడు పొద్దున నేను బయల్దేరుతుంటే వాడు కోడిపిల్లల వెంట పడి ఉన్నాడు, చెయ్యి ఊపాడు గానీ తల తిప్పలేదు. బాపు నన్ను బస్సెక్కించి, అది కదిలేదాకా చేతులు వెనక్కి కట్టుకుని, పెదవులు గట్టిగా బిగించి నిలబడ్డాడు.

బస్సులో నా ఒళ్ళో ఏమీ లేదు. అది ఎంత వింతగా ఉందంటే, రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దారిలో ఒకావిడ రెండు సంచులతో, చంకన బిడ్డతో ఎక్కి నా పక్కన నిలబడింది. "ఇటియ్యి అక్కా" అన్నాను. ఆమె ఇంకా సరేననకముందే బిడ్డను లాక్కున్నంత పని చేసి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. కామారెడ్డి దాకా వాడి తల నిమురుతూనే ఉన్నాను. దిగేటప్పుడు వాళ్ళమ్మ చేతులు చాపి నిలబడితే, నీళ్ళు కాచి తాగించమని, ఎండలో తిప్పొద్దని చెప్పి, అప్పుడు గానీ ఇవ్వలేదు. ఆవిడ నన్ను ఏమనుకుందో. పాపం, బిడ్డను తీసుకుని వెనక్కి చూడకుండా నడిచింది.