రంగం ఓడ రెండో దశలో

మా నాన్న సముద్రం లేని ఊళ్లో ఓడల ఉద్యోగం చేశాడు. రేవుల పనులు చూసే సర్కారు ఆఫీసు హైదరాబాదులో ఉండేది. అందుకని కాకినాడలో పుట్టి పెరిగిన ఇంజనీరు శాలిబండలో పై వాటా అద్దెకు తీసుకుని, రోజూ రెండు బస్సులు మారి ఆఫీసుకు వెళ్లేవాడు. కింద వాటాలో ఉండే ఇంటామె, "సారూ, మూసీల ఓడలేమన్న నడిపిస్తరా ఏంది?" అని ఆటపట్టించేది. నాన్న నవ్వేవాడు. తొంభైల మొదట్లో ఆయనకింకా నవ్వొచ్చేది.

మా ఇంట్లో సముద్రంతో అసలు పని ఉన్న మనిషి మామ్మ, అంటే నాన్నని కన్న తల్లి. ఆమె రంగంలో పుట్టింది. రంగూన్‌ని మా వైపు పాతవాళ్లు రంగం అనే అంటారు. ఆమె తండ్రి అక్కడ బియ్యం మిల్లులో మేస్త్రీ. యుద్ధంలో బాంబులు పడుతుంటే ఆడవాళ్లనీ చిన్నపిల్లల్నీ ముందు ఓడెక్కించారట. తండ్రీ, మీసాలొస్తున్న అన్నా తర్వాతి ఓడకి వస్తామన్నారు. ఆ ఓడ రాలేదు. తండ్రి అడవుల వెంట నడిచి బయల్దేరి దారిలోనే పోయాడు. అన్న అక్కడే చిక్కుకుపోయి, యుద్ధం అయ్యాక బర్మా అమ్మాయిని పెళ్లి చేసుకుని ఆ ఊరివాడైపోయాడు. ఏడాదికో ఉత్తరం వచ్చేది. ఏటికేడాదీ అందులో తెలుగు తరిగిపోతూ వచ్చింది. చివరికి "చెల్లీ బాగున్నావా నేను బాగున్నాను" అన్నంత వరకే మిగిలింది.

మామ్మకి విమానమంటే భయం. అయినా నాన్నా అమ్మా నచ్చజెప్పగా చెప్పగా ఒకసారి సరేనంది. పాస్‌పోర్టు తీయించారు. కలకత్తా దాకా రైలు, అక్కడినుంచి విమానం అనుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నాన్న ఆఫీసుకి ఆ పెద్ద పథకం వచ్చింది.

ఆసియా ఖండాన్నంతా ఒకే అల్లికగా కలపాలని, రోడ్లకీ రైలు దారులకీ రేవులకీ అప్పులిస్తామని ఒక విదేశీ బ్యాంకు ముందుకొచ్చింది. నేల తెగిపోయినచోట ఓడలు కలుపుతాయన్నారు. అలా కలపాల్సిన దారుల్లో ఒకటి మన తీరం నుంచి రంగానికి. దాని మీద నివేదిక రాసే పని నాన్నకిచ్చారు.

ఆయన అంత సంతోషంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఆదివారాలు భోజనాల బల్ల నిండా సముద్రం పటాలు పరిచేవాడు, మేమందరం కింద కూర్చుని తినేవాళ్లం. మామ్మ పక్కనే కుర్చీ వేసుకుని ఓడలో ఏమేం ఉండాలో చెప్పేది. ఆడవాళ్లకి వేరే స్నానాల గదులుండాలి. డెక్కు మీద పడుకునేవాళ్లకి జల్లు కొట్టకుండా మరుగుండాలి. మంచినీళ్లకి కొట్టుకోకుండా చూడాలి. నాన్న నవ్వకుండా, అన్నీ ఇంగ్లీషులో పెట్టి నివేదికలో చేర్చేవాడు. విమానం మాట అమ్మ మళ్లీ ఎత్తితే, "రెండు మూడేళ్లలో ఓడే వస్తుంటే ఆవిడని భయపెట్టడం ఎందుకు?" అన్నాడు. అప్పుడది అందరికీ సబబుగానే తోచింది.

బ్యాంకు తరఫున ఒక తెల్లాయన వచ్చాడు. నాన్న ఆయన్ని కాకినాడ తీసుకెళ్లి రేవంతా తిప్పి చూపించాడు. తిరిగొచ్చాక చార్మినార్ చూడాలన్నాడని చెప్పి, పక్కనే కదా అని మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చాడు. వాళ్లని జీపులో తెచ్చింది ఆఫీసు డ్రైవరు. ఆయనది ఊరి చివరి బార్కస్ బస్తీ, మేమంతా భాయ్ అనేవాళ్లం. భాయ్ ముత్తాత అరబ్బు దేశం నుంచి ఓడలో వచ్చి నిజాం ఫౌజులో చేరాడట. అందుకేనేమో, మామ్మ రంగం కబుర్లు మొదలెడితే ఇంటికి పోవడం కూడా మరిచిపోయి వినేవాడు.

తెల్లాయన చెమటలు కక్కుతూ చేపల పులుసు తిన్నాడు. మామ్మ కథ నేనే ఇంగ్లీషులో చెప్పాను. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ఆయన చాలా కదిలిపోయినట్టు కనిపించాడు. ఆమెను కిటికీ దగ్గర నిలబెట్టి ఫోటో తీసుకున్నాడు. ఓడ ఎప్పుడొస్తుందో అడగమంది మామ్మ. ఆయన కాసేపు ఆలోచించి, మూడేళ్లు అన్నాడు. ఆ మాట ఆమెకి చెప్పాను. ఆయన వెళ్లగానే ఆమె నాచేత అన్నకి ఉత్తరం రాయించింది, ఓడ వస్తోందని. ఆ ఇంటి మనవడు ఇంగ్లీషులో జవాబు రాశాడు. తాతయ్య రోజూ రేవు దాకా నడిచి వెళ్లి పాత జెట్టీ చూసి వస్తున్నాడట, వీధిలో వాళ్లు నవ్వుతున్నారట.

ఆ తర్వాత ఆఫీసులో ఏం జరిగిందో నాన్న నాకు చాలా ఏళ్లకి చెప్పాడు. రోడ్డు వేస్తే కళ్లకి కనిపిస్తుంది, వంతెన కడితే ప్రారంభోత్సవం ఉంటుంది. ఓడ అలా కాదు. జనం అలవాటు పడేదాకా నష్టానికి నడపాలి. ఆ నష్టం ఎవరు భరించాలన్న దగ్గర అంతా ఆగిపోయింది. ఈ దేశం ఆ దేశాన్ని చూపించింది, ఆ దేశం బ్యాంకుని చూపించింది, బ్యాంకు ప్రైవేటు కంపెనీలని చూపించింది. లాభం ఎక్కడుందో ముందు చూపించమన్నారు కంపెనీలవాళ్లు. ఈలోపు ఓడకని వేరుగా పెట్టిన వాటా మెల్లగా రేవు రోడ్డు వెడల్పు చేయడంలో కలిసిపోయింది. దాన్ని ఎవరూ దొంగతనం అనలేదు, సవరణ అన్నారు.

ఓడ మార్గం ఇప్పట్లో అవసరం లేదని నోట్ పెట్టాల్సి వచ్చినప్పుడు పై అధికారి నాన్ననే పిలిచాడు.

"కావాలని రాసింది నువ్వు. వద్దని కూడా నువ్వే రాస్తే ఎవరూ ప్రశ్న వెయ్యరు," అన్నాడట.

నాన్న రాశాడు. రెండో దశలో పరిశీలించవచ్చు అని ఒక్క ముక్క మాత్రం పట్టుబట్టి చేర్పించాడు. ఆ ముక్క కోసం పై అధికారితో గంటసేపు వాదించానని నాకు చెప్పేటప్పుడు, ఏదో గెలిచినవాడిలాగే చెప్పాడు. నాకు ఒళ్లు మండింది.

ఇంట్లో మాత్రం ఏమీ చెప్పలేదు. బల్ల మీద పటాలు పోయాయి. మామ్మ అడిగినప్పుడల్లా "ఫైలు నడుస్తోందమ్మా" అనేవాడు. సర్కారు ఉద్యోగి ఇంట్లో అంతకంటే నమ్మదగిన మాట ఉండదు. ఆమె నమ్మింది. అన్న కోసం మామిడి తాండ్ర చుట్టించి పెట్టేది, వానాకాలం రాగానే బూజు పట్టిందని పారేసేది, మళ్లీ ఎండాకాలం కొత్తది తెప్పించేది.

ఒక మధ్యాహ్నం కింద ఇంటామె పిలిచింది, విదేశం ఫోను అని. రంగం నుంచి మనవడు. తాతయ్య పోయాడన్నాడు. పోయే ముందు చాలా రోజులు మంచంలోనే ఉన్నాడట, చెల్లెలు కంగారు పడుతుందని చెప్పనివ్వలేదట. నేను పైకెళ్లి చెప్పాను. మామ్మ ఏడవలేదు. లేచి తలారా స్నానం చేసి వచ్చి, తడి జుట్టుతోనే కిటికీ దగ్గర కూర్చుంది. సాయంత్రం నాన్న వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంటే, ఆయన తల మీద చెయ్యి వేసింది. అప్పటికి ఆమెకింకా తెలియదు.

తెలిసింది భాయ్ వల్ల. పాపం ఆయన మంచికే తెచ్చాడు. ఆఫీసుకి బ్యాంకు వాళ్ల పుస్తకాలు కట్టలు కట్టలుగా వచ్చాయట, నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. ఒకటి చేతిలో పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "అమ్మా, మీ ఫోటో పడ్డది చూడుండ్రి. మస్తుగొచ్చింది," అన్నాడు.

నిజంగానే బాగా వచ్చింది. పేజీ నిండా మామ్మ ముఖం, కిటికీ వెలుతురు. కింద ఏం రాశారో చదవమంది. తెగిపోయిన కుటుంబాలని ఈ పథకం కలుపుతుందని రాసి ఉంది. మరి ఓడ గురించి ఏం రాశారంది. నేను మొదటి నుంచి చివరి దాకా తిప్పాను. అన్నీ రోడ్లే. చివరి పేజీల్లో ఒకచోట, సముద్ర మార్గాలను మొదటి దశ నుంచి తొలగించడమైనది అని ఉంది, ఏ ఏడాది తొలగించారో కూడా ఉంది. అలాగే చదివాను. ఆమె వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. భాయ్ చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

నాన్న వచ్చేసరికి పుస్తకం బల్ల మీద ఉంది.

"మూడేళ్ల కిందటే తీసేశారటరా?" అంది మామ్మ.

"రెండో దశలో పెడతామన్నారమ్మా."

"అప్పుడు మా అన్న బతికే ఉన్నాడు. ఆ ముక్క నాతో చెప్పుంటే కళ్లు మూసుకుని విమానమెక్కేదాన్ని."

అమ్మ ఏదో సర్దిచెప్పబోతే, "నువ్వూరుకో, వాడికీ నాకూ మధ్యలో మాట," అంది. అంతే. మామ్మ అరిచి గొడవ చేసే మనిషి కాదు. కానీ ఆ తర్వాత ఆమె నాన్నని ఏదీ అడగలేదు. మందులు కావాలంటే నాతో చెప్పించేది. నాన్న ఇంట్లో ఉంటే తన అన్నం తర్వాత తినేది. ఆయన నెలల తరబడి బతిమాలాడు, తర్వాత మానేశాడు.

రెండువేల సంవత్సరం దాటాక మేం సంతోష్‌నగర్‌లో సొంత ఇంటికి మారాం. మామ్మ అక్కడే పోయింది. చివరి రోజుల్లో ఆమె నాన్నతో మాట్లాడిందా అని బంధువులు అడుగుతారు. మాట్లాడింది. అయితే ఆయన్ని అన్న అనుకుని మాట్లాడింది. నాన్న సరిచెయ్యలేదు, ఆమె అడిగినవాటికల్లా అన్నలాగే జవాబిచ్చాడు.

రేవు రోడ్డు పూర్తయింది. పై అధికారి రిటైరయ్యాక కూడా సలహాదారుగా కారులో తిరిగాడు. ఆయన మీద నాకున్న కోపం తగ్గలేదు, తగ్గించుకునే ప్రయత్నమూ చెయ్యలేదు. ఫోటో తీసుకున్న తెల్లాయన మీద మాత్రం ఇంకా ఎక్కువ. అధికారికి మామ్మ ఎవరో తెలియదు. తెల్లాయన ఆమె వడ్డించగా తిన్నాడు.

నాన్న రిటైరైన కొన్నేళ్లకి, పాత ఆఫీసు నుంచి ఎవరో కుర్రాఫీసరు ఫోన్ చేశాడు. రంగానికి ఓడ వేసే ఆలోచన మళ్లీ వచ్చిందని, కొత్త పేరుతో, కొత్త అప్పుతో, పాత నివేదిక తమ దగ్గర దొరకడం లేదని, ఒకసారి రాగలరా అని. వద్దని అమ్మ చెప్పింది. నేనూ చెప్పాను. ఆయన మర్నాడు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బీరువా అడుగునుంచి తన కాపీ తీసి సంచిలో పెట్టుకున్నాడు.

"ఎందుకు నాన్నా? వాళ్లు వెయ్యరు," అన్నాను.

"ఆడవాళ్ల స్నానాల గదుల సంగతి వాళ్లకి తోచదే. అది నేను దగ్గరుండి చెప్పాలి," అన్నాడు.

గేటు దాకా వెళ్లి ఆటో మాట్లాడి పెట్టాను. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చాడు. కాపీ తీసుకున్నారట, చాయ్ ఇచ్చారట. మళ్లీ కబురు చేస్తామన్నారట.