దోబ్రింకా బండి అమ్మకానికి లేదు

నలభై ఏడేళ్ళొచ్చాక డ్రైవింగు నేర్చుకుంటానన్న ఆడదాన్ని మా ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూడలేదు. అందుకని దోబ్రింకా లైసెన్సు తెచ్చుకున్న రోజున వీధి వీధంతా పనిగట్టుకుని చూసింది. ఒక్క మొగుడు వెలిన్ మాత్రం చూడలేదు. కార్డు తెచ్చి బల్ల మీద పెడితే దాన్ని మోచేత్తో పక్కకి తోసి, చిక్కుడుగింజల చారు గిన్నె ముందుకి లాక్కుని, "ఈ వయసులో నీకిదేం పోయేకాలం?" అన్నాడు.

పోయేకాలమేం కాదు. ఊళ్ళో కుట్టు కార్ఖానా మూతపడ్డాక, కొండకి అవతలి పట్నంలో ఇంకో కార్ఖానా వాళ్ళు దోబ్రింకాని పిలిచారు. పిలిచింది మిషను ముందు కూర్చోమని కాదు, గుడ్డ కత్తిరించే బల్లకి పెద్దగా ఉండమని. ఇన్నేళ్ళూ ఒకరు గీసిన గీత మీద కుట్టుకుంటూ వచ్చిన మనిషి. ఇప్పుడు తను గీత గీస్తే నలుగురు కత్తెర పట్టే రోజొచ్చింది. పొద్దున కొండ దాటే బస్సేమో ఎండాకాలంలోనే తీసేశారు. బండి ఉంటే ఆ బల్ల తనది, లేకపోతే లేదు.

తల్లి తరఫున వచ్చిన అక్రోటు తోటలో తన వాటా అమ్మేసి, ఇటలీ నుంచి ట్రక్కుల మీద తెచ్చి దింపే పాత బళ్ళలో ఒక తెల్లదాన్ని కొనుక్కుంది. అమ్మేవాళ్ళ మాట వింటే మా దేశంలో దిగే ప్రతి పాత బండీ ఎవరో ముసలి టీచరమ్మ ఆదివారం చర్చికి వెళ్ళడానికి తప్ప బయటికి తీయనిదే. అంతమంది టీచర్లు ఆ దేశంలో ఉంటే అక్కడ చదువురాని వాడు ఒక్కడూ మిగలకూడదు. దోబ్రింకా ఆ కబుర్లేవీ చెవిన పెట్టలేదు. మంచి కోటు వేసుకుని కూడా నేల మీద వెల్లకిలా పడుకుని, బండి అడుగున తుప్పు ఎంతుందో వేలితో గీకి చూసి, బేరమాడి మరీ తెచ్చుకుంది.

బండి కొన్నవాళ్ళు వీధికి మందు పోయాలి. పోయకపోతే అది నడవదని మా వాళ్ళ నమ్మకం. మొగాళ్ళంతా బానెట్ ఎత్తి, ద్రాక్షసారా గ్లాసులు ఇంజను మీదే పెట్టుకుని, ఉప్పేసిన పందికొవ్వు నములుతూ తలా ఒక జబ్బు చెప్పారు. ఒకడు పంపు పోతుందన్నాడు, ఇంకొకడు క్లచ్చు అన్నాడు. "దీన్ని మేపడం కంటే ఇంకో మొగుణ్ణి మేపడం చవక కదా దోబ్రింకా" అన్నాడు మూడోవాడు.

"మొగుడు కొండెక్కించడుగా" అంది దోబ్రింకా, గ్లాసు నింపుతూ. అందరూ నవ్వారు, వెలిన్ తప్ప.

మేపడం సంగతి మాత్రం వాడన్నది నిజమే. ఇన్సూరెన్సు, రోడ్డు పన్ను, పెద్ద రోడ్డెక్కాలంటే కొని అద్దం మీద అంటించాల్సిన స్టిక్కరు, మంచు పడకముందే మార్చాల్సిన టైర్లు. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక డిక్కీలో గ్యాసు సిలిండరు పెట్టించుకుంది. తోట డబ్బుల్లో మిగిలిందంతా అలా కరిగిపోయింది. అయినా మొదటి వారం కొండ మీద మూడో గేరులో మలుపు తిరిగినప్పుడల్లా ఆమెకి పాట పాడాలనిపించేది, ఎవరూ లేరు కదా అని పాడేది కూడా.

అత్తగారు గెర్గీనాకి కోడలంటే ప్రాణం. ఎవరైనా ముఖ్యమైన పని మీద బయల్దేరితే వాళ్ళ ముందు రాగి చెంబుతో నీళ్ళు ఒంపడం మా ఆచారం, ఆ నీళ్ళలా పని సాఫీగా సాగిపోవాలని. పెళ్ళికో పరీక్షకో ఒక్కసారి ఒంపుతారు ఎవరైనా. గెర్గీనా మాత్రం కోడలు బండెక్కిన ప్రతి పొద్దునా చెంబులో ఒక పువ్వు వేసుకుని గేటు దగ్గర నిలబడి ఒంపేది. దోబ్రింకా హారన్ కొట్టి నవ్వుకుంటూ పోయేది.

రెండో వారం బ్యాటరీ చచ్చిపోయింది. అది ఎప్పుడో చావాల్సిందే, కొత్తది వేయించింది. కానీ ఆ తర్వాత మొదలైంది అసలు బెడద. పొద్దున తాళం తిప్పితే బండి దగ్గుతుంది, వణుకుతుంది, కొండ మొదట్లో కుంటి గుర్రంలా ఈడ్చుకుంటూ పోయి ఆగిపోతుంది. వెనక వచ్చేవాళ్ళు అద్దాలు దించి ఆడ డ్రైవర్ల మీద తమకున్న అభిప్రాయాలన్నీ చెప్పిపోతారు. దోబ్రింకా కూడా అద్దం దించేది. ఆమె చెప్పే అభిప్రాయాలు విన్నాక రెండోసారి ఆగినవాడు లేడు.

మెకానిక్కు కిరో ప్లగ్గులు మార్చాడు. ఊరవతల పాత బళ్ళు విప్పి ముక్కలమ్మే చోటుని మేము మార్చురీ అంటాం. అక్కడికి దోబ్రింకా తనే వెళ్ళి, చచ్చిన బళ్ళ మధ్య బురదలో తిరిగి, అలాంటిదే ఒక ఎర్ర బండి కడుపులోంచి, ప్లగ్గులకి నిప్పురవ్వ అందించే కాయిల్ ఊడబెరికించి తెచ్చింది. అదీ వేశాడు కిరో. రెండు రాత్రులు తన షెడ్డులో ఉంచుకుని పొద్దునే తిప్పి చూస్తే తాళం తాకగానే లేచింది. ఇంటికి తెచ్చిన మర్నాడు మళ్ళీ దగ్గు.

"అమ్మాయ్, నా దగ్గర బుద్ధిగా ఉంటోంది. మీ ఇల్లే దీనికి పడట్లేదు" అన్నాడు కిరో, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

"అయితే నన్ను కూడా నీ షెడ్డులోనే పడుకోమంటావా బాబాయ్?"

"నా పెళ్ళాం ఒప్పుకోదమ్మా" అని డబ్బులు మాత్రం తీసుకున్నాడు.

ఆ గురువారం మళ్ళీ ఆలస్యంగా వెళితే కార్ఖానా మేనేజరమ్మ కత్తిరింపు బల్ల దగ్గరే, నలుగురు ఆడవాళ్ళూ వింటుండగానే చెప్పేసింది. పెద్ద ఆర్డరు వచ్చింది, ఈ శనివారం కూడా పని ఉంది, ఇంకొక్క రోజు ఆలస్యమైతే బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తానంది. తల కొట్టేసినట్టయింది దోబ్రింకాకి. ఆ సాయంత్రం మొహం మాడ్చుకుని ఇంటికొస్తే, వెలిన్ ఎన్నడూ లేనిది తియ్యగా మాట్లాడాడు.

"పోనీలే, ఎందుకా అవస్థ. పాత బళ్ళు కొనే త్రిఫోన్‌కి చెప్పాను. శనివారం పొద్దునే వచ్చి బండి తీసుకుపోతాడు. కొన్న ధరలో సగమైనా ఇస్తానన్నాడు."

"నన్నడిగావా?"

"పాడైపోయిన బండి గురించి అడిగేదేముంది?"

ఏడుపొస్తుందని దోబ్రింకా లోపలికెళ్ళిపోయింది. మర్నాడు ఇంకా ముందే లేచి ముందే బయల్దేరదాం, దగ్గినా తుమ్మినా వేళకి చేరకపోదు అనుకుని పడుకుంది.

శుక్రవారం పొద్దున ఇంకా పూర్తిగా తెల్లారలేదు. కోటు బొత్తాలు పెట్టుకుంటూ వాకిట్లోకి వచ్చేసరికి, ద్రాక్షపందిరి కింద బండి దగ్గర గెర్గీనా నిలబడి ఉంది. ముందు అద్దం మొదట్లో, వైపర్ల కింద ఉండే జల్లెడలాంటి కంతల్లోకి రాగి చెంబు వంచి, పెదాలు కదుపుతూ నిదానంగా నీళ్ళు పోస్తోంది. చెంబు అయిపోయింది. పక్కన బకెట్లో ముంచి మళ్ళీ పోస్తోంది.

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు?"

గెర్గీనా ఉలిక్కిపడి, దొరికిపోయిన పిల్లలా నవ్వింది. "నీకోసమేనమ్మా. గేటు దగ్గర పోస్తే ఆ మంచేదో రోడ్డుకి జరుగుతోంది గానీ బండికేం జరుగుతోంది? బ్యాటరీ పోయిననాటి నుంచీ ఇదిగో, లోపలికే పోస్తున్నా. ఆగిపోయిందని నువ్వన్నప్పుడల్లా ఇంకో చెంబు పెంచా. ఉత్త నీళ్ళనుకునేవు, చర్చిలో మంత్రించినవి."

దోబ్రింకా బానెట్ ఎత్తింది. నీళ్ళు పక్కకి పోవాల్సిన దారిలో పందిరి ఆకులు కుళ్ళి ముద్దకట్టుకున్నాయి. మంత్రించిన నీళ్ళన్నీ పొంగి నేరుగా ఇంజను మీదికే జారి, ప్లగ్గుల గుంటల్లో మెరుస్తున్నాయి. ఆమెకి నవ్వొచ్చింది. వెంటనే ఒళ్ళు మండిపోయింది. ఆ చెంబు లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది. ఇన్ని వారాల అవమానం, కిరోకి పోసిన డబ్బు, మార్చురీ బురద, అన్నీ ఈ పిచ్చి ప్రేమకే.

"ఇంజనుకి తడి తగలకూడదత్తయ్యా. నిప్పు పుట్టాల్సిన చోట నీళ్ళు పోశారు మీరు."

గెర్గీనా చెంబు బకెట్లో వదిలేసింది. "అయితే చెడగొట్టింది నేనేనా?" అంది. కళ్ళు తుడుచుకుని, "మరి వెలిన్ రోజూ పైన సిగరెట్టు తాగుతూ చూస్తూనే ఉంటాడే. వాడికి బళ్ళ సంగతి తెలుసుగా. ఒక్కనాడైనా వద్దమ్మా అనలేదేం?" అంది.

దోబ్రింకా తలెత్తి చూసింది. బాల్కనీలో సిగరెట్టు ఎర్రగా వెలుగుతోంది.

మెట్లెక్కి వెళ్ళింది. ఇరవై ఏళ్ళు లారీ నడిపిన మనిషి, ఇంజను శబ్దం విని జబ్బు చెప్పగల మనిషి, ఆమెని చూసి సిగరెట్టు నలిపేశాడు.

"చూశావా?"

"చూశాను. అమ్మ మనసు నొప్పించడమెందుకని..." అని నీళ్ళు నమిలాడు.

"అమ్మ పేరు చెప్పకు. ఆవిడ మనసు ఇప్పుడు కింద నేలమీద పడి ఉంది, వెళ్ళి చూడు."

వెలిన్‌కి అప్పుడు కోపమొచ్చింది. "అవును, ఊరుకున్నాను. నువ్వు రోజూ కొండ దాటిపోతే నా బతుకేంటి? సారా కొట్లో ఏమంటున్నారో తెలుసా? వెలిన్ పెళ్ళాం పెత్తనానికి పోతోంది, వెలిన్ చారు కాచుకుంటున్నాడని."

"చారు కాచుకుంటే చచ్చిపోతావా? నువ్వు లారీ మీద నెలల తరబడి పోయినప్పుడు నేను కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూడలేదా? నా బతుకేంటని ఎవరినడిగాను? రోడ్డు మీద నేను ఆగిపోతే అందరూ తిడుతుంటే, ఇంట్లో కూర్చుని నువ్వు సంతోషించావు వెలిన్. బండి ఆగినందుకు కాదు నా బాధ. అది నీకు తెలిసి ఆగినందుకు."

కిందికొచ్చి, పొడుగు వైరు లాగి, తల ఆరబెట్టుకునే మిషను తెచ్చి ఇంజను మీద పట్టింది. గెర్గీనా పాత తువ్వాలుతో గుంటల్లో తడి అద్దింది. కుళ్ళిన ఆకులు గుప్పెళ్ళతో తీసిపారేశారు ఇద్దరూ. తాళం తిప్పితే బండి ఒక్కసారి తుమ్మి లేచింది. ఆ పూట మేనేజరమ్మ కంటే ముందే కార్ఖానా గుమ్మంలో నిలబడింది దోబ్రింకా.

శనివారం పొద్దున త్రిఫోన్ నోట్లు జేబులో పెట్టుకుని రానే వచ్చాడు. దోబ్రింకా అప్పటికే సీట్లో కూర్చుని ఉంది. "ఒక్కసారి తిప్పు వదినా, వింటాను" అన్నాడు. తిప్పింది. ఇంజను గుర్రుపెట్టిన పిల్లిలా సాఫీగా పలికింది. త్రిఫోన్ మొహం విప్పారింది. చెవి బానెట్‌కి దగ్గరగా పెట్టి విని, ఇంకాస్త ఎక్కువే ఇస్తానన్నాడు.

"అమ్మకానికి లేదు" అంది దోబ్రింకా.

వెలిన్ అద్దం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నేను మాటిచ్చాను. పరువు తియ్యకు."

"ఇచ్చుకున్నవాడివి నీది ఏదైనా ఇచ్చుకో. కాయితాల్లో నా పేరుంది."

మా ఇళ్ళ గేట్లు గుర్రబ్బండ్ల కాలంలో పెట్టినవి, ఇరుకు. రోజూ వెలిన్ వెనక నిలబడి చేయి ఊపుతూ ఎడమకి, కుడికి, ఆగు అని చెబితేనే ఆమె బండి వెనక్కి తీసేది. నాకు తెలిసినంత నీకు తెలియదు అన్నట్టుండేది ఆ చేయి ఊపడం. ఇవాళ వెలిన్ చేతులు జేబుల్లో పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు, ఎలా తీస్తుందో చూస్తానన్నట్టు. త్రిఫోన్ కూడా ఆగి చూస్తున్నాడు. ఎదురింటి వాళ్ళు కిటికీ తెర పక్కకి లాగారు.

గెర్గీనా వచ్చి గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, కొడుకు వైపు చూడకుండా పక్కకి తప్పుకుంది.

దోబ్రింకా అరచేతులు కోటుకి తుడుచుకుంది. వెనక గేరు వేసి, అద్దాల్లో చూసుకుంటూ అంగుళం అంగుళం తీసింది. సగం దాటాక కుడిపక్క స్తంభం కర్రుమంటూ తలుపుని గీరింది. త్రిఫోన్ అబ్బా అని పళ్ళు బిగపట్టాడు. వెలిన్ నవ్వడానికి నోరు తెరిచాడు. ఆమె బ్రేకు నొక్కలేదు. ఆ గీత తలుపు చివరి దాకా సాగనిచ్చి, వీధిలోకి వచ్చి, చక్రం తిప్పి కొండ వైపు పోయింది.

ఆ గీతకి రంగు వేయించాలంటే ఎంతవుతుందో కిరో చెప్పాడు. వద్దులే బాబాయ్, ఆ డబ్బుకి టైర్లొస్తాయంది.

సోమవారం పొద్దున ఆమె బండి స్టార్టు చేసేసరికి వెలిన్ వచ్చి గేటు దగ్గర, బండి వెనక నిలబడ్డాడు. రాజీకొచ్చాడు పాపం. చెయ్యెత్తి, ఎడమకి, ఎడమకి అని ఊపడం మొదలెట్టాడు.

దోబ్రింకా అద్దం దించి తల బయటికి పెట్టింది.

"పక్కకి తప్పుకో వెలిన్. నువ్వుంటే వెనక దారి కనబడట్లేదు."