అయ్యన్న ముక్కు, అడవి నూనె

ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో అయ్యన్న కంటే అయ్యన్న ముక్కుకే పేరెక్కువ. మనిషి మామూలు మనిషే. అరవై రెండేళ్లు, పలచటి ఒళ్లు, మోకాళ్ల దాకా మడిచి కట్టిన లుంగీ, భుజాన ఎప్పుడో ఎర్రగా ఉండిన తువ్వాలు. ముక్కు మాత్రం మామూలుది కాదు. పక్కింటి మద్దిలేటి పెళ్లిలో మధ్యాహ్నం వడ్డించాల్సిన సాంబారును పొద్దున తొమ్మిదికే వాసన చూసి, ఇది నిలవదని పారబోయించిన ముక్కు అది. వంటవాడు అలిగి గరిటె విసిరేసి పోయాడు. పరీక్షకని గిన్నెలో దాచిన కాస్త సాంబారు పన్నెండు కొట్టేలోపు నురగ కక్కింది. ఆ రోజు పెళ్లికొడుకు కంటే అయ్యన్న మెడలోనే ఎక్కువ దండలు పడ్డాయని ఎదురింటి చౌడమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఆ ముక్కు వల్లే ఆయన వీధికి గంజి మేస్త్రి అయ్యాడు. పడుగు, అంటే చీర పొడుగునా పోయే నూలు పోగులు, మగ్గం ఎక్కేముందు గంజి తాగాలి. లేకుంటే నేసేటప్పుడు తెగుతాయి. అందుకే తెల్లవారుతూనే వీధి పొడుగునా పడుగు చాచి, ఇద్దరు చెరో పక్కన నడుస్తూ కుంచెలతో గంజి పట్టిస్తారు. ముందురోజు కాచిపెట్టిన బియ్యం గంజి సరిగ్గా పులిసి ఉండాలి. తక్కువ పులిస్తే నూలుకు పట్టదు, ఎక్కువ పులిస్తే నూలు చివుకుతుంది. ఆ సరి ఎక్కడుందో చెప్పేది అయ్యన్న. కుండ మీద వంగి, కళ్లు మూసుకుని, గాలి లోపలికి లాగి, "కానీ" అంటాడు. ఆ తర్వాత కాస్త కొబ్బరినూనె కలిపి, పని మొదలు పెడతారు. ఆయన "కానీ" అనకుండా ఆ వీధిలో కుంచె తడవదు.

ఇదంతా నిజమే. కానీ కరోనా వచ్చిపోయిన ఏడాది అయ్యన్నకు పది రోజులు జ్వరం కాసింది. జ్వరం తగ్గింది, ముక్కు మాత్రం తిరిగి రాలేదు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. భార్య ఈరక్కకు కూడా చెప్పలేదు, ఆమే కనిపెట్టింది. ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, ఆయన పొయ్యి పక్కనే పీట వేసుకుని తీరిగ్గా పేపరు చదువుకుంటున్నాడు. ఈరక్క గిన్నె దించి, మొగుడి వైపు ఒక్క చూపు చూసి, "ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది.

"ఏంది?"

"ముక్కు."

అయ్యన్న పేపరు మడిచాడు. "వీధిలో తెలిస్తే పరువు పోతాదే" అన్నాడు మెల్లగా.

ఆ రోజు నుంచి ఆయన ముక్కు ఈరక్క ముఖంలో ఉంది. ఆమె కుండ పక్కన నిలబడి గుట్టుగా వాసన చూస్తుంది. కొంగు సర్దుకుంటే గంజి కుదిరినట్టు. దగ్గితే ఇంకాస్త ఆగాలి. ఆయన కుండ మీద వంగి కళ్లు మూసుకునే ముందు ఓరగా పెళ్లాం వైపు చూసేవాడు. ఆ ఓరచూపును పసిగట్టింది చౌడమ్మ.

"ఏం ఈరక్కా, నీ మొగుడు గంజిని చూస్తాండాడా, నిన్ను చూస్తాండాడా?"

"గంజి కన్నా నేను బాగుంటాలే" అని ఈరక్క నవ్వేది. అయ్యన్నకు ముసలితనంలో సరసం పుట్టిందని వీధంతా అనుకుంది. అనుకోనీ, ముక్కు సంగతి బయటపడటం కంటే అదే నయమని ఆయన ఊరుకున్నాడు. అట్లా మూడేళ్లు గడిచిపోయాయి.

ఈ వేసవిలో ఈరక్క తన అక్క మనవరాలికి పేరు పెడుతున్నారని ఆదోనికి ప్రయాణమైంది. వెళ్లే ముందు మొగుణ్ని పక్కకు పిలిచి, నేనొచ్చేదాకా ఎవరి గంజీ ముట్టుకోవద్దని చెప్పింది. ఆయన తల ఊపాడు. మరుసటి పొద్దున్నే మద్దిలేటి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అన్నా, మగ్గం ఖాళీగా ఉండాది. నా పడుగుకు ఈ పొద్దు గంజి పట్టియ్యాల. రాప్పా."

రేపు చూద్దామంటే ఎందుకని అడుగుతాడు. అయ్యన్న లేచాడు. కుండ మీద వంగాడు. ఊరికే గాలి పీల్చి, ఎవరూ చూడకుండా వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. పులుపు కుదిరింది. "కానీ" అన్నాడు గర్వంగా. ముక్కు లేకపోయినా నాలుక ఉందని అంతకుముందు ఎందుకు తట్టలేదా అనిపించింది.

కొబ్బరినూనె కోసం ఇంట్లోకి పోయాడు. అక్కడ వచ్చింది తంటా.

కోడలు పద్మశ్రీ పెరట్లో సబ్బులు చేస్తుంది. ఆమె భర్త తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడు, ఆదివారాలు వస్తాడు. మిగతా ఆరు రోజులు ఆమెకు సబ్బులే లోకం. ఫోన్లో చూసి నేర్చుకుంది. కొత్త రకం సబ్బుకని బ్రెజిల్ అడవుల్లో దొరికే ఏదో చెట్టు నూనె తెప్పించింది. కొరియర్లో సీసా మూత పగిలి కారుతుంటే, కడిగి ఆరబెట్టిన ఒక పాత కొబ్బరినూనె సీసాలోకి ఒంపింది. నీలం సీసా. దాని పక్కనే ఇంట్లో వాడే కొబ్బరినూనె సీసా. అదీ నీలమే. ముందురోజు సాయంత్రం ఆమె మామతో అన్నది కూడా: "మామా, గూట్లో రెండు నీలం సీసాలు ఉండాయి. ఒకటి నా సబ్బుల నూనె. మూత తీస్తే వాసనే చెప్తాది." అయ్యన్న అప్పుడూ తల ఊపాడు.

ఇప్పుడు గూటి ముందు నిలబడి రెండు మూతలూ తీశాడు. వాసన ఆయనకేమీ చెప్పలేదు. కోడలు పెరట్లోనే ఉంది, ఒక్క మాట అడిగితే చాలు. అడిగితే ముక్కు గుట్టు పోతుంది. రెండింట్లోనూ వేలు ముంచి చూశాడు. ఒకటి వేళ్ల మధ్య కాస్త బంకగా అనిపించింది. పాత నూనె అయ్యుంటుందిలే, సీసా కూడా నిండుగా ఉందని అదే పట్టుకుపోయి సగం గంజిలో వంచాడు.

పడుగు పొడుగునా ఒకసారి కుంచె పోయిందో లేదో చౌడమ్మ వాకిట్లోకి వచ్చింది.

"ఏమప్పా అయ్యన్నా, గంజిలో మిరియాలు నూరినావా?"

"మిరియాలు యాడివి?" అన్నాడు మద్దిలేటి, ముక్కు ఎగబీలుస్తూ. "ఇది వడ్రంగి అంగడి వాసన. కొత్త తలుపు మాదిరి."

"గుళ్లో సాంబ్రాణి మాదిరి గూడా ఉండాదే!"

వీధి గుమ్మాలన్నీ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ప్రతి గుమ్మంలో ఒక ముక్కు. అందరి చూపూ చివరికి అసలైన ముక్కు మీదికే వచ్చింది.

"నువ్వు చెప్పు అన్నా, ఏం వాసన ఇది?" అన్నాడు మద్దిలేటి.

అయ్యన్న కుంచె ఆపి, పడుగు మీద వంగి, కళ్లు మూసుకుని, నిండుగా గాలి లాగాడు. ఓరగా చూడటానికి పక్కన ఈరక్క లేదు.

"మల్లెపూలు" అన్నాడు.

చౌడమ్మ మద్దిలేటి వైపు చూసింది. మద్దిలేటి పడుగు వైపు చూశాడు. "మల్లెపూలా?" అన్నాడు ఎటూ తేల్చుకోలేక. అయ్యన్న ముక్కు చెప్పిందంటే తమ ముక్కుల్లోనే ఏదో తేడా ఉందేమోనని ఒకరిద్దరు ముక్కు చీదుకున్నారు కూడా.

ఇంకో మాట అనకుండా ఉంటే గడిచిపోయేదేమో. కానీ అయ్యన్న వేళ్లు పడుగు మీద ఉన్నాయి. పోగులు జారడం లేదు. నాలుగైదు కలిసి అతుక్కుంటున్నాయి. గూటి ముందు చెప్పిన మాటే ఆ వేళ్లు మళ్లీ చెప్పాయి, ఈసారి గట్టిగా. మద్దిలేటి ఇంకా గమనించలేదు. ఎండ వీధి మొదటి ఇంటి చూరు దాకా వచ్చేసింది. ఇంకో అరగంటలో పడుగు మీదికి దిగుతుంది. ఎండ తగిలి ఆరిందంటే పోగులు విడవవు, అరవై గజాల నూలు అట్టలా అయిపోతుంది. అప్పుడు కూడా తప్పు గంజిదో నూలుదో అని తప్పించుకోవచ్చు. మద్దిలేటి నమ్ముతాడు. అట్లా నమ్ముతాడు కాబట్టే అయ్యన్న కుంచె కింద పెట్టేశాడు.

"పద్మా!" అని వీధి అదిరేలా కేకేశాడు. "నీలం సీసాలో ఉండేది ఏందమ్మా?"

పద్మశ్రీ చేతుల నిండా సబ్బు నురగతో పరిగెత్తుకొచ్చింది. వీధి వాసన తగలగానే తలపట్టుకుంది. "అయ్యో మామా! అది నా కోపైబా నూనె. మూత తీస్తే తెలీలేదా?"

"తెలీలేదమ్మా." అయ్యన్న అందరికీ వినబడేలా అన్నాడు. "నాకు వాసన తెలిసి మూడేళ్లాయ. ఆ జ్వరంలోనే పోయింది. మద్దిలేటీ, నీ పడుగు అతుక్కుంటాండాది రా. ముందు దాని సంగతి చూడు, తర్వాత నన్ను తిట్టుకో."

మద్దిలేటి వంగి పోగులు తడిమాడు. పద్మశ్రీ అప్పటికే సీసాతో వచ్చిన కాగితం తెచ్చి గబగబా చదువుతోంది. అమెజాన్ అడవిలో పెద్ద చెట్టు మానుకు చిల్లు పెడితే ఈ నూనె కారుతుందట. పట్టుకున్నాక చిల్లుకు చెక్క బిరడా కొట్టి, చెట్టును మళ్లీ ఊరనిస్తారట.

"మన నల్లమలలో సాంబ్రాణి తీసినట్టే" అన్నాడు అయ్యన్న.

"అక్కడోళ్లు తాతల కాలం నుంచి గాయాలకు, పురుగు కాట్లకు పూసుకుంటారంట. ఇప్పుడు సబ్బుల్లో, అత్తర్లలో వాసన నిలవడానికి వేస్తారంట. చెక్క సామాన్లకు, బొమ్మలకు మెరుగు నూనెలో గూడా..."

"చూసినారా, తలుపు వాసనని నేను చెప్పలే?" అన్నాడు మద్దిలేటి, అంత బాధలోనూ.

"యమ్మా, పురాణం తర్వాత చెప్దువు గానీ పడుగు గతి ఏంది?" అని చౌడమ్మ కసిరింది.

పద్మశ్రీ కాగితం తిప్పింది. "ఆరితే బంక కడతాది. నీళ్లలో కరగదు. కొబ్బరినూనెలో కరుగుతాది!"

ఆ మాట చాలింది. చౌడమ్మ అందరికంటే ముందు తలకు పెట్టుకునే నూనె సీసా తెచ్చింది. ఇంటికొక సీసా, గిన్నె, చెంచా వచ్చి పడ్డాయి. పద్మశ్రీ అంతా గోరువెచ్చ చేసింది. మద్దిలేటి ఒక పక్క, అయ్యన్న ఒక పక్క పరుగులాంటి నడకతో కుంచెలు లాగారు. అతుక్కున్న చోటల్లా అయ్యన్న వేళ్లే ముందు కనిపెట్టాయి. ఎండ పడుగు మీదికి దిగేసరికి పోగులు దేనికది విడిపోయి గాలికి వణికాయి.

మద్దిలేటి చెమట తుడుచుకుని, "సరే అన్నా, మూడేళ్లుగా నా గంజి చూసిందెవరు మరి?" అన్నాడు.

"మీ వదిన."

చౌడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "సరసం అనుకుంటిమి గదప్పా!"

సాయంత్రం ఈరక్క బస్సు దిగి వీధి మొదట్లోనే ఆగిపోయింది. "ఎవరప్పా, వీధికి అత్తరు పూసినారు?" అని అడిగింది. అందరూ ఒకేసారి చెప్పారు. ఆమె అంతా విని మొగుడి వైపు తిరిగింది. "మల్లెపూలు అన్నావా? ఇంకేం దొరకలేదా నీకు?"

ఆ పడుగుతో నేసి రాయచోటికి పంపిన చీరల కట్ట విప్పి, అంగడివాళ్లు మద్దిలేటికి ఫోన్ చేసి, చీరల మధ్య మిరియాలు పెట్టినారా అని అడిగారట. ఇప్పుడు రోజూ పొద్దున పద్మశ్రీ మామ ముక్కు దగ్గర లవంగాలు, నిమ్మతొక్క, ఆ అడవి నూనె ఒక్కొక్కటే పెడుతుంది. అట్లా రోజూ చూపిస్తే కొందరికి వాసన తిరిగొస్తుందని డాక్టరమ్మ చెప్పింది. మూడింటికీ ఆయన "మల్లెపూలు" అనే అంటాడు. నిజంగానే అంటాడో, ఏడిపించడానికి అంటాడో కోడలికి తెలియదు.

మద్దిలేటి తర్వాతి పడుగుకు వాకిట్లో నిలబడి, "వదినా, గంజి చూడాల" అని పిలిచాడు. పిలుపు వినగానే అయ్యన్న అలవాటుగా లేచాడు. లేచినవాడు ఒక్క క్షణం ఆగి, మూలనున్న కుంచె భుజాన వేసుకుని భార్య వెనక నడిచాడు. ఈరక్క కుండ మీద వంగి వాసన చూసింది. ఇప్పుడు ఎవరి దగ్గరా దాచాల్సిన పని లేదు, నోటితో చెబితే సరిపోతుంది. ఆమె తల ఎత్తి, కొంగు సర్దుకుంది.

ఆయన ఓరగా చూసి, "కానీ" అన్నాడు.