తాళం వేసిన హాల్లో జరిగిన మీటింగు

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే, "మీకేం పని లేదా?" అని లేచి వచ్చేసే రకం నేను. ఇప్పటికీ నమ్మను. కానీ కరోనా ఏడాది మా గొర్రెల సంఘం మీటింగులో జరిగింది మాత్రం నా బుర్రకు అందలేదు.

ఆత్మకూరులో ఆ సంఘానికి నేను సెక్రటరీని. ఏటా వానలకు ముందు ఊళ్లో ఒకే హాలు తీసుకుని మీటింగు పెడతాం. ఉదయగిరి, మర్రిపాడు, అనంతసాగరం వైపు కాపర్లంతా వస్తారు. అరుచుకుంటారు, చొక్కాలు పట్టుకుంటారు, చివరికి ఒకే బంతిలో కూర్చుని వేటకూర తింటారు. ఆ ఏడు గుంపు కూడకూడదన్నారు. సెల్‌ఫోన్లోనే మీటింగని కబురు పంపాను.

తేల్చాల్సింది చిన్న సంగతి కాదు. గొర్రెలకు చిటుకు రోగం తగులుకుంది. టీకా మందు కొంచెమే వచ్చింది. ముందు ఏ పక్కకు పంపాలి?

మీటింగు సంత అయిపోయింది. ఒకాయన చెవి మాత్రమే కనిపించింది. ఇంకొకాయన ఫోను చెట్టుకు ఆనించి మంద వెనక పోయాడు. ఆయన పొట్టేలు వచ్చి మమ్మల్ని తేరిపార చూసింది. మా ప్రెసిడెంటు వెంగయ్యన్న నోరు తెగ ఆడుతోంది, మాట ఒక్కటీ రావడంలేదు. "మైకు ఆన్ చెయ్యన్నా!" అని మొత్తుకున్నాం. ఇంతలో సిగ్నలు పోయింది. ఏదీ తేలలేదు.

ఆ సాయంత్రం మాలకొండయ్య మామ మా ఇంటికొచ్చాడు. దుత్తలూరు అవతల ముసలి కాపరి. ఆయన దగ్గరుండేది బటన్ల ఫోను. తేదీ ఎవరో చెప్పారు గానీ, మీటింగు సెల్‌లో అన్న కబురు ఆయనకు చేరనే లేదు. పొద్దున్నే పాల ఆటో ఎక్కి ఆత్మకూరు వచ్చేశాడట.

"మీటింగు బాగా జరిగిందిలే అబ్బయ్యా. మందు ముందు మా పక్కకే అన్నారు గదా, బండి ఎప్పుడు పంపిస్తావు?"

"ఏ మీటింగు మామా?"

"ఏందిరా అట్టంటావు? హాల్లో ముందు వరసలోనే గదా నేను కూర్చోనుండింది! నువ్వు పైన ఇస్త్రీ చొక్కా, కింద పూల లుంగీతో స్టేజీ ఎక్కినావు. సెక్రటరీవి, ఒక ప్యాంటు లేదా నీకు?"

ఫోన్లో నేను ఛాతీ వరకే కనిపించాను. లుంగీ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. పక్కనే ఉన్న ఆమె కిసుక్కున నవ్వి, అంతలోనే నోరు మూసుకుంది.

హాలు దగ్గరికి వెళ్లి చూశాను. లాక్‌డౌన్ పెట్టినప్పటి నుంచి తలుపు తియ్యలేదన్నాడు వాచ్‌మన్. తాళానికి సాలెగూడు పట్టి ఉంది.

అక్కడి నుంచే వెంగయ్యన్నకు ఫోన్ చేశాను. "అన్నా, నీ మాట మాకు ఇనపడలా. ఏం చెప్పినావు?"

"దుత్తలూరు పక్క గొర్రెపిల్లలు రాలిపోతుండాయి, మందు ముందు ఆడికే పంపండి అన్నాను. మీరంతా తలకాయలు ఊపితిరి గదా!"

మేము ఊపింది వినపడలేదని.

ఇక ఎవరినీ అడగలేదు. మరునాడు పొద్దున్నే బండి పంపాను. మాలకొండయ్య మామ మంద ఒక్కటే కాదు, చుట్టుపక్కల మందలూ రోగం నుంచి బతికి నిలబడ్డాయి. మిగిలిన ఊళ్లకు రెండో విడత మందు సకాలంలోనే అందింది.

మరుసటేడు మళ్లీ హాల్లోనే కలిశాం. షామియానా అద్దె దగ్గర మొదలైన గొడవ కుర్చీలు ఎత్తుకునేదాకా పోయింది. తర్వాత బంతిలో మామ నా పక్కనే కూర్చున్నాడు.

"ఎట్టుండాది మామా మీటింగు?" అన్నాను.

"కూర బాగుండాది. మీటింగంటే మాత్రం పోయినేడాదిదే. ఒక్కడన్నా అరిచినాడా? ఒకరు చెప్తే ఇంకొకరు ఇన్నారు."

ఆ రోజు ఆ హాల్లో కూర్చుంది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మా సంఘం వాళ్లు మాత్రం అయ్యుండరు.