అత్త కోసం రాసిన చివరి అధ్యాయం

మా మేనత్తకు చదువు రాదు. అయినా నా నవల మొత్తం ఆవిడ కోసమే రాశాను.

విజయనగరంలో పాఠాలు చెప్పి బడి నుంచి వచ్చాక సాయంత్రాలు రాసుకునేదాన్ని. రాస్తున్నంతసేపూ అత్త నా ఎదుట కాళ్లు చాపుకుని కూర్చుని వింటున్నట్టు ఊహించుకునేదాన్ని. ఆ ఊహలోని అత్త నేననుకున్న చోట నవ్వేది, అనుకున్న చోట కొంగుతో కళ్లొత్తుకునేది. ఎక్కడైనా ఒక మాట బడాయిగా పడితే మూతి తిప్పేది. వెంటనే కొట్టేసేదాన్ని.

నవల మా మామయ్య గురించి. చాలా ఏళ్ల కిందట, భావనపాడు పక్కనున్న మా ఊరి నుంచి ఆయన వేటకెళ్లిన తెప్ప తిరగబడింది. తోడెళ్లిన ఇద్దరూ ఈదుకుని ఒడ్డుకొచ్చారు. మామయ్య రాలేదు, శవమూ దొరకలేదు. బట్టలు పెట్టి కర్మ చేశారు. ఆ రోజంతా అత్త పెరట్లోంచి లోపలికి రానేలేదు.

నా నవలలో మాత్రం ఆయన శవం దొరుకుతుంది. కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసే చోట, ఇసుక దిబ్బ పక్కన, నీలం చొక్కాతో. ఊహలోని అత్త ఆ అధ్యాయం విని తృప్తిగా నిట్టూర్చింది.

వేసవి సెలవుల్లో రాతప్రతి ఊరికి పట్టుకెళ్లి మూడు మధ్యాహ్నాలు చదివి వినిపించాను. అత్త చేపలు ఎండబెట్టుకుంటూ, కాకుల్ని తోలుకుంటూ వింది. ఒక్కచోటా నవ్వలేదు. చివరి అధ్యాయంలో ఆమె చేయి ఆగిపోయింది.

“మల్లీ సదువు.”

చదివాను.

“ఏ సొక్కా అన్నావు?”

“నీలం సొక్కా.”

“నీకెవలు సెప్పినారే గుంటా?”

“ఎవలూ సెప్పలేదత్తా. నేనే అల్లినాను. కత కదా!”

అత్త నా మొహంలోకి చూసింది. “ఆ దినం నీలం సొక్కాయే ఏసుకెళ్లినాడు. ఆ మాట నేనెవలికీ సెప్పలేదు.”

తెల్లటి ఇసుక మీద నీలం బాగుంటుందని రాశానేమో, అంతకు మించి నాకేమీ తెలియదు.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే అత్త ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. కళింగపట్నానికేనని తట్టి నేనూ బస్సెక్కాను. ఏరు కలిసే చోట, వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయన ముందు కూర్చుని ఉంది. ఆయన ఇబ్బందిగా నాకేసి చూశాడు.

“తుపానులయినాక శవాలొస్తాయమ్మా. ఏ సొక్కాయో ఎవలికి గేపకముంటాది? పోల్సుకోలేనోళ్లని ఇక్కడే ఇసకలో కప్పెట్టేస్తాం.”

“ఇన్నావా?” అంది అత్త నాతో.

“అత్తా, నేను రాసింది అబద్ధం. మావ ఇక్కడున్నాడని నాకేటి తెలుసు?”

“నీకు తెల్దు. ఆయనే నీసేత రాయించినాడు.”

లేచి నాలుగడుగులు నడిచి, ఇసుకలో కూలబడి, రెండు అరచేతులూ నేలకు ఆనించి ఏడ్చింది. నోరు తెరుచుకుని, ఊపిరందక, మధ్యలో వాంతి చేసుకుని మళ్లీ ఏడ్చింది. దగ్గరికెళ్లి పట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ అధ్యాయాన్ని ఉంచడానికి మనసొప్పలేదు. తీసేసే అచ్చుకిచ్చాను. చదివిన కొద్దిమందీ నవల మధ్యలో తెగిపోయినట్టుందన్నారు. అత్తకొక ప్రతి ఇస్తే పసుపు గుడ్డలో చుట్టి మామయ్య ఫోటో పక్కన పెట్టుకుంది. ఇంటికొచ్చిన వాళ్లకు తీసి చూపిస్తుంది. “మా ఇంటాయన ఎక్కడున్నాడో ఇందులో రాసున్నాది” అంటుంది.

మోకాళ్లు వాచిపోయినా నెలకోసారి రెండు బస్సులు మారి ఆ ఒడ్డుకు వెళ్లొస్తోంది. ఆ పుస్తకంలో ఆ పేజీలు లేవని నేనింకా చెప్పలేదు.