విక్టోరియా కాలంలో మూడు రోజులు

నరసరావుపేట కోర్టుల ఎదురుసందులో నాకు జిరాక్స్ షాపు ఉంది. నా పేరు పాండురంగారావు. నా నోరు మంచిది కాదని మా ఆవిడ ధనమ్మ మొదలుకొని ప్లీడర్ల గుమస్తాల దాకా అందరూ అంటారు. అననీ. ఇది నా గురించి కాదు, వైండింగ్ జహంగీర్ గురించి. అయితే మధ్యలో నేను చేసిన దరిద్రపు పని ఒకటుంది. అది దాచి రాస్తే ఈ రాతకు అర్థమే లేదు.

మిర్చి చేలకు నీళ్ళు తోడే మోటార్లు కాలిపోతే జహంగీర్ దగ్గరికే తెస్తారు. మాడిన రాగితీగ పీకేసి, చుట్లు లెక్కపెట్టుకుంటూ కొత్త తీగ చుట్టి ఇస్తాడు. నలభై అయిదేళ్ళ మనిషి. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుంటాడు. భార్య అబిదాకు రెండు కిడ్నీలూ పోయాయి. సోమవారం, గురువారం నాలుగేసి గంటలు డయాలసిస్. ఆమె మంచం పక్కన స్టూలు మీద ఆ నాలుగు గంటలూ ఈయన కూర్చునేవాడు. మొదట్లో ఇద్దరూ మిషను వంక చూస్తూ గడిపేవాళ్ళట. తర్వాత ఆమెకు పొద్దుపోవడానికి బొమ్మల కథ గీయడం మొదలుపెట్టాడు.

నా దగ్గరికి వచ్చింది కాగితాల కోసమే. వంకరగా, నల్లగా వచ్చి పాడైన జిరాక్సులు నా షాపులో కట్టలు కట్టలుగా పడి ఉంటాయి. వెనకవైపు తెల్లగానే ఉంటుంది కదా, ఇస్తావా బాబాయ్ అన్నాడు. పట్టుకుపో, చెత్త తగ్గుద్ది అన్నాను. ఒక కొత్త కట్ట చేతిలో పెడితే నా ఆస్తులేం కరిగిపోయేవి? ఆ బుద్ధి అప్పుడు పుట్టలేదు.

గీసిన పేజీలు నాకూ చూపించేవాడు. కథలో ఉన్నది వాళ్ళిద్దరే. పేర్లు కూడా మార్చలేదు. పాత ఆటోకి జహంగీర్ ఒక మోటారు బిగిస్తాడు. తీగ కుడికి చుడితే రాబోయే కాలం, ఎడమకి చుడితే గడిచిన కాలం. అందులో ఎక్కి విక్టోరియా రాణి కాలపు లండన్‌కి పోతారు. ఆ కాలమే ఎందుకయ్యా అని అడిగాను. అబిదా నానమ్మ మెడలో రాణి బొమ్మ రూపాయల దండ ఉండేదట. ఆ రాణిగారి ఊరు చూడాలని ఆమెకు చిన్నప్పటి నుంచీ ఆశ. ఇక చూస్కో, పొగమంచు, గ్యాసు దీపాలు, గుర్రపు బళ్ళ మధ్యలో మన ఆటో. పోలీసు అడ్డంపడి దీని గుర్రం ఏదని నిలదీస్తాడు. ఒక పేజీలో అబిదా ముగ్గురు దొరసానులకు గోంగూర పచ్చడి తినిపిస్తే ముగ్గురూ ముక్కులు ఎగబీలుస్తారు. షాపులో నేనొక్కణ్ణే పడీపడీ నవ్వాను.

అయితే కథంతా ఒక భయం మీద నడుస్తుంది. ఆ కాలంలో డయాలసిస్ మిషను లేదు. సోమవారం మిషను మీంచి లేచాక బయల్దేరాలి, గురువారం పొద్దుటికి తిరిగి రావాలి. రాకపోతే అబిదా బతకదు. ఏడుసార్లు వెళ్ళి ఏడుసార్లూ వచ్చారు. ఎనిమిదోసారి థేమ్స్ నది ఒడ్డున మోటారు కాలిపోయింది. గురువారం దగ్గర పడుతోంది, ఆమె మొహం ఉబ్బుతోంది. జహంగీర్ కథ అక్కడ ఆపాడు.

సరిగ్గా అప్పుడే ఆసుపత్రిలో ఆమె గుండె కూడా బలహీనపడిందని చెప్పారు. ఎవరు చూడ్డానికి పోయినా ఆమెది ఒకటే ప్రశ్న. ఆటో కదిలిందా, వాళ్ళు తిరిగి వచ్చారా? జహంగీర్ పదిహేను రోజులు కూర్చుని ముగింపు గీశాడు, పన్నెండు పేజీలు. గురువారం ఆమెకు చూపించాలి. చూపు మందగించింది కాబట్టి పెద్ద సైజులో జిరాక్సు తియ్యమని బుధవారం పొద్దున నా షాపుకు తెచ్చాడు. కరెంటు లేదు. సాయంత్రం వస్తానని బల్లమీద బోర్లా పెట్టి వెళ్ళాడు.

ఆ రూలు నాదే. కోర్టు కాగితం ఇంకొకడి కంట పడకూడదని, నా బల్లమీద ఎవరు ఏం పెట్టినా బోర్లా పెట్టాలని రోజూ అరుస్తుంటాను. శివరాత్రి సెలవులు అయిపోయాయి, మధ్యాహ్నం కరెంటు రాగానే జనం ఎగబడ్డారు. మిరపకాయ బజ్జీల బండి నిరోష బుధవారం బుధవారం వచ్చి చెత్త కాగితాలు పట్టుకుపోతుంది. బల్లమీద చూస్తే పైన వంకరగా పడ్డ పాత తీర్పు కాపీ కనిపించింది. నా చెత్తే అనుకున్నాను. తిప్పి చూడలేదు. కట్టంతా ఎత్తి ఆమె సంచిలో పడేశాను.

సాయంత్రం జహంగీర్ వచ్చి అడిగాక గానీ నేను చేసిన పని నాకు తెలియలేదు. చెప్పుల్లేకుండా బండి దగ్గరికి పరుగెత్తాను. అప్పటికే బజ్జీలు అయిపోవచ్చాయి. చెత్తడబ్బాలో సగం ముక్క దొరికింది. నూనెకు తడిసి వెనక తీర్పు అక్షరాలన్నీ బొమ్మలోకి వచ్చేశాయి. అందులో ఒక వంతెన ఉంది, మనుషులు లేరు. నా వెనకే వచ్చిన జహంగీర్‌తో, తిట్టరా నాయనా అన్నాను. మళ్ళీ గీస్తాలే బాబాయ్ అని వెళ్ళిపోయాడు. గీయడానికి వ్యవధి ఏదీ? తెల్లారి ఆయాసంతో ఆమెను ఐసీయూలో చేర్చారు. శుక్రవారం పోయింది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక సిగ్గు చంపుకుని అతని షాపుకు వెళ్ళాను. తీగ చుడుతున్నాడు. పక్కన కూర్చుని, ఆ పన్నెండు పేజీలూ ఇప్పుడైనా మళ్ళీ గియ్యరాదా అన్నాను.

"ఎవరికి బాబాయ్?" అన్నాడు తల ఎత్తకుండా.

కథ ఆఖరికి ఏమవుతుందో అబిదాకు నోటితోనన్నా చెప్పావా అని అడిగాను. అతను చుట్టడం ఆపాడు.

"చెప్పా. టెలిగ్రాఫ్ తీగ తెంపుకొచ్చి మోటారు చుట్టానని, గురువారం పొద్దుటికల్లా పేటలో దిగామని చెప్పా. అంతా వినింది. 'నా కోసం చెబుతున్నావులే. నిజంగా వచ్చుంటే బొమ్మ ఏది?' అంది."