బొగ్గు ఓడలో ఎన్నిక

హిన్రిక్ మా లాండ్రీ వెనక గదిలోనే పోయాడు. హాంబుర్గ్ నుంచి యూనియన్ వాళ్లు ఇంత పూలదండ పంపారు. గుమ్మం బయటే పెట్టించాను. ఆయన కోసం ఏడవాల్సిందంతా, ఆయన్ని తిట్టాల్సిందంతా నాకు ఎప్పుడో అయిపోయింది.

జర్మనీలోని హాంబుర్గ్ రేవులో ఆయన నావికుల యూనియన్ మనిషి. నాజీలు యూనియన్ ఆఫీసుకు తాళం వేసి, దొరికినవాళ్లను దొరికినట్టు చావబాదారు. ముందుపళ్లు పోగొట్టుకుని ఆయన సరిహద్దు దాటి, బెల్జియం రేవు ఆంట్వెర్ప్‌లో మా పంచన చేరాడు. నేనూ హాంబుర్గ్ దాన్నే. ఇక్కడివాణ్ణి చేసుకుని, అతను పోయాక ఈ లాండ్రీ నడుపుకుంటున్నాను. రేవుకొచ్చే జర్మన్ ఓడల నుంచి మాసిన బట్టలు తెచ్చే పని హిన్రిక్‌కు ఇచ్చాను. ఆయన ఉతికిన చొక్కాల చేతుల్లో నాజీలను తిట్టే కరపత్రాలు చుట్టి ఓడలెక్కించేవాడు. అంతవరకు బాగానే ఉంది.

నా తమ్ముడు డెట్లెఫ్ ఒక బొగ్గు ఓడలో కొలిమి దగ్గర పని చేసేవాడు. ఆ ఓడ వచ్చినప్పుడు ఒకనాడు ముగ్గురం ఉప్పుచేపలు, బంగాళాదుంపలు తింటున్నాం.

"కరపత్రాలతో సరిపోదమ్మాయ్. ఓడలో యూనియన్ నిలబడాలి. రేపు ప్రతినిధిని ఎన్నుకుంటున్నాం" అన్నాడు హిన్రిక్.

"దొంగచాటు పనికి ఎన్నికొకటా! నమ్మకమైనవాడి చెవిలో నువ్వే చెప్పు, సరిపోతుంది" అన్నాను.

"నేనే నియమిస్తే నాకూ ఆ నాజీలకూ తేడా ఏముంది?"

"పోనీ, చీటీలు వేయించన్నా."

"యూనియన్ మనిషి మొహం దాచుకుని ఓటేయడు. మా తాతల నుంచీ చేయెత్తే ఎన్నుకుంటున్నాం. అక్కడ దేశమంతా ఒక్కడికి చేయెత్తి మొక్కుతోంది. మావాళ్లు తమ కోసం ఒక్కసారి ఎత్తుకోవద్దా?"

నాకు ఒళ్లు మండింది. డెట్లెఫ్ మాత్రం పకపకా నవ్వాడు. "అక్కా, నువ్వు సబ్బు సంగతి చూసుకోవే. యూనియన్ సంగతి అన్న చూసుకుంటాడు" అని నా పళ్లెంలో దుంప లాక్కున్నాడు.

మర్నాడు బట్టల మూటతో తిరిగొచ్చిన హిన్రిక్ మొహం వెలిగిపోతోంది. "ఏకగ్రీవం!" అని గుమ్మంలోంచే కేక పెట్టాడు. ప్రతినిధి డెట్లెఫ్ అట. అందరికంటే ముందు చేయెత్తింది ఆర్నో అనే కొలిమివాడట. దేశం విడిచాక ఆయన కడుపునిండా తిన్నది ఆ రోజే.

ఓడ హాంబుర్గ్ చేరింది. ఆ తర్వాత ఇంకో ఓడలో వచ్చిన నావికుడు మా దుకాణంలో టోపీ తీసి నిలబడ్డాడు. ఓడ ఒడ్డుకు ఆనగానే నాజీ పోలీసులు ఎక్కి, చేయెత్తిన ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచి పట్టుకుపోయారట. ఆర్నోను మాత్రం పిలవలేదట. నా తమ్ముడు విచారణ దాకా కూడా బతకలేదు.

"నీ నియమం నా తమ్ముణ్ణి మింగిందిరా!" అని హిన్రిక్ మీద తడిబట్ట విసిరాను. ఆయన తుడుచుకోలేదు. పొమ్మంటే ఇక్కడి పోలీసులు పట్టుకుని సరిహద్దు అవతల పడేస్తారు. అందుకే ఉండనిచ్చాను. పలకరించకుండా పళ్లెం పెట్టేదాన్ని. ఆయన మళ్లీ ఓడలెక్కాడు గాని, ఎన్నిక మాట ఎత్తలేదు. జర్మన్ సైన్యం ఆంట్వెర్ప్‌కే వచ్చిపడ్డాక నా అటకే ఆయనకు దిక్కయింది.

యుద్ధం ముగిశాక హాంబుర్గ్‌లో యూనియన్ మళ్లీ లేచింది. చనిపోయినవాళ్ల పేర్లు చదువుతారంటే హిన్రిక్‌తో నేనూ వెళ్లాను. కప్పు సగం కూలిన హాలు. డెట్లెఫ్ పేరు చదివారు. అందరం లేచి నిలబడి కూర్చున్నాం. తర్వాత రేవు శాఖకు హిన్రిక్‌ను అధ్యక్షుడిగా ప్రతిపాదించి, ఒప్పుకునేవాళ్లను చేతులెత్తమన్నారు.

ముందు వరసలో ఒక చేయి అందరికంటే ముందు లేచింది. హిన్రిక్ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"ఆర్నో. వాడే."

హిన్రిక్ లేచి వేదిక మీదున్న కార్యదర్శిని అడిగాడు. "ఆ మనిషికి సభ్యత్వం ఉందా?"

"ఉందన్నా. పట్టిచ్చాడన్న కేసులో కోర్టు వదిలేసింది. సాక్ష్యం చెప్పడానికి ఆ ఓడవాళ్లు ఎవరూ మిగల్లేదు కదా."

"వాడి చేయి కూడా లెక్కలోకి వస్తుందా?"

"సభ్యుడన్న ప్రతివాడి చేయీ వస్తుంది. ఆ నియమం మీరు రాసిందే కదన్నా."

ఆర్నో చేయి ఇంకా పైనే ఉంది.

"మరి నా తమ్ముడి చేయో? అదీ లెక్కపెట్టండ్రా!" అని అరిచాను. కొందరు తలలు దించుకున్నారు. ఎత్తిన చేతులు మాత్రం ఒక్కటీ దిగలేదు.

హిన్రిక్ టోపీ తీసుకున్నాడు. ఇద్దరం బయటికి నడిచాం. తలుపు దాటుతుంటే వెనక నుంచి కార్యదర్శి ప్రకటించడం వినిపించింది.

"ఏకగ్రీవం."